శ్లాబు వేయకముందే పైపులకి దారి చూడండి

ఈ రోజు ఎపిసోడ్ ఫోన్ల గురించి కాదు, యాప్‌ల గురించి అసలే కాదు. మా ఇంటి బీమ్‌కి పడిన ఒక రంధ్రం గురించి.

మూడేళ్ల క్రితం మా నాన్న రిటైర్ అయ్యారు. వచ్చిన పీఎఫ్ డబ్బులతో ఊళ్లో ఇల్లు మొదలుపెట్టారు. నేనప్పుడు హైదరాబాద్‌లో కోడింగ్ చేస్తున్నా. ఆ ఇంటికి నేను చేసిన సాయమల్లా, వాట్సాప్‌లో ఎలివేషన్ త్రీడీ బొమ్మలు చూసి "ఈ గ్రే కలర్ బాగుంది నాన్నా" అనడమే. ఆ రంగు కోసమే రెండు వారాలు చర్చించాం. పై బాత్‌రూమ్ నీళ్లు ఎటు పోతాయని మాత్రం ఒక్కరం కూడా అడగలేదు.

శ్లాబు పడింది, స్వీట్లు పంచాం. తర్వాత ప్లంబర్ వచ్చి, "సార్, కమోడ్ పైపు బయటికి పోవాలంటే ఈ బీమ్ దాటాలి" అన్నాడు. సాయంత్రానికల్లా కొట్టేశాడు. లోపలి రాడ్ కూడా ఒకటి తెగింది. నాన్న నాకు ఫోటో పంపి, "ఇది మామూలేనా రా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించాం. ఆయన చూడగానే, "ముందు కింద జాకీలు పెట్టించండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆ బీమ్‌ని మళ్లీ బలంగా చేయడానికి, అమ్మ ముచ్చటపడి పక్కన పెట్టించుకున్న టేకు తలుపుల డబ్బు పోయింది. ఇవాళ్టికీ మా గదులకి ఉన్నవి ఫ్లష్ డోర్లే. అమ్మ ఏమీ అనదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది.

తప్పంతా ప్లంబర్‌దేనా? కాదు. అతని చేతికి మేం ఒక్క డ్రాయింగ్ కూడా ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్‌లో మనకి తెలిసిందే కదా, ప్లాన్‌లో ఉన్నప్పుడు దొరికిన బగ్ ఐదు నిమిషాల పని. రిలీజయ్యాక దొరికితే రాత్రంతా జాగారం. ఇల్లు కూడా అంతే. కాగితం మీద రబ్బరుతో చెరిపేయచ్చు, కాంక్రీట్‌ని చెరపలేం. అందుకే నీళ్లు, కరెంట్, ఏసీ గురించి ఏ దశలో ఏం అడగాలో చెప్తాను.

మొదటి దశ, లెక్క. గీత గీయకముందే ఇంట్లో ఎంతమంది, ఎన్ని ఏసీలు, ఎన్ని గీజర్లు, రేపు ఎలక్ట్రిక్ బండి కొంటారా, సోలార్ పెడతారా అన్నీ రాసుకోండి. మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లని మామూలుగా లెక్కేస్తారు. ఐదుగురికి 675 లీటర్లు. సంపు, పై ట్యాంక్ సైజు ఇక్కడి నుంచే వస్తుంది. ఒక గీజర్ 2 కిలోవాట్లు, టన్నున్నర ఏసీ ఇంచుమించు ఒకటిన్నర నుంచి 2 కిలోవాట్లు. ఇవన్నీ కలిపి చూస్తేనే ఏ వైరు, ఎంత కనెక్షన్ కావాలో తెలుస్తుంది.

రెండో దశ, చోటు. కింద బాత్‌రూమ్ మీదే పై బాత్‌రూమ్ వచ్చేలా చూడండి. పైపులన్నీ ఒకే షాఫ్ట్‌లో దిగుతాయి. మీటర్ ఎక్కడ, డిస్ట్రిబ్యూషన్ బోర్డు ఎక్కడ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ అన్నది ప్లాన్‌లోనే రాయించండి.

మూడో దశ, మేం వదిలేసింది ఇదే. పిల్లర్లు, బీమ్‌ల డ్రాయింగ్ మీద పైపులు, వైర్ల డ్రాయింగ్ పెట్టి చూడటం. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ రీబా, భవనం పనిని 0 నుంచి 7 వరకు ఎనిమిది దశలుగా విడగొట్టింది. 2020 ప్లాన్‌లో 3వ దశకి పెట్టిన పేరే స్పేషియల్ కోఆర్డినేషన్. అంటే దేని చోటు దానికి కుదర్చడం. పెద్ద బిల్డింగుల్లో దీన్ని త్రీడీ మోడల్‌లో చేస్తారు, పైపు బీమ్‌కి తగిలితే సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. మన ఇంటికి ట్రేసింగ్ పేపర్ చాలు.

ముందు డ్రైనేజీ పైపుకే చోటివ్వండి. వైరు ఎటైనా వంగుతుంది, కానీ నీరు పల్లమెరుగు అంటారు కదా. 40 అడుగులకి ఒక అడుగు వాలు ఇస్తే, 8 అడుగుల పైపు రెండున్నర అంగుళాల దాకా కిందికి దిగాలి. ఆ లోతు లేకపోతే బాత్‌రూమ్ దగ్గర శ్లాబుని ముందే దించి వేయాలి. బీమ్‌లో రంధ్రం తప్పదంటే, ఎక్కడో, ఎంతో ఇంజనీరే చెప్పాలి. కాంక్రీట్‌కి ముందే అక్కడ స్లీవ్ పెట్టించాలి.

నాలుగో దశ, శ్లాబు ముందు రోజు. రాడ్లు కట్టాక డ్రాయింగ్ చేత్తో పట్టుకుని సెంట్రింగ్ మీద తిరగండి. ఫ్యాన్ బాక్సులు, కరెంట్ పైపులు, స్లీవ్‌లు ఒక్కొక్కటీ టిక్ పెట్టండి. ఏది తక్కువైనా లారీ ఆపండి, మొహమాటపడకండి. ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోటో తీసుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు లోపల పైపు ఎక్కడుందో తెలుస్తుంది.

చివరి దశ, అప్పగింత. టైల్స్ వేయకముందే పైపులకి ప్రెషర్ టెస్ట్ చేయించండి. షాక్ తగిలితే కరెంట్ ఆపేసే 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ ఉందా లేదా చూసి, టెస్ట్ బటన్ నొక్కి మరీ తీసుకోండి.

పోయిన నెల మా అక్క వాళ్ల ఇంటికి శ్లాబు పడింది. ముందు రోజు సాయంత్రం నాన్న వీడియో కాల్ చేశారు. మోకాళ్ల నొప్పులతోనే నిచ్చెనెక్కి, టార్చ్ వేసి చూపిస్తున్నారు. "ఇదిగో రా స్లీవ్. ఇంకోటి కూడా ఉండాలి కదా?" అన్నారు. డ్రాయింగ్‌లో చూశాను, నిజంగానే ఒకటి తక్కువ. ఆ రాత్రే పెట్టించాం. అయిన ఖర్చు ఒక పైపు ముక్క.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఇల్లు కడుతుంటే, శ్లాబు పడకముందే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.