దగ్గుకు సాకు దొరికే ఊరు

ఈ హాల్లో ఏసీ ఆపించి, కిటికీలన్నీ తెరిపించింది నేనే. ఉక్కపోతగా ఉంటే నన్నే తిట్టుకోండి. ఎందుకు తెరిపించానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మార్చి నెలలో ఖమ్మం మిర్చి యార్డు మీదుగా పోయేవాళ్ళు దగ్గకుండా పోలేరు. బస్తా దించే హమాలీ దగ్గుతాడు, ధర కట్టే వ్యాపారి దగ్గుతాడు, ఛాయ్ పోసేవాడూ దగ్గుతాడు. ఇల్లెందు, మణుగూరు వైపు వెళ్తే బొగ్గు దుమ్ము. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల గూడేల్లోకి వెళ్తే కట్టెల పొయ్యి పొగ. మన దగ్గర దగ్గుకు సాకు వెతుక్కోవాల్సిన పనే లేదు. ఛాతీ వైద్యం చేసే నాలాంటివాళ్ళకు ఇక్కడున్న పెద్ద చిక్కు అదే. నెల రోజులుగా దగ్గుతున్న మనిషిని ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగితే, "మిరప ఏరను పోతున్న సార్, ఘాటుకే" అంటాడు.

ఆ మాటను నేను కొట్టిపారెయ్యను. మిరపలోని ఘాటు పదార్థం పేరు క్యాప్సైసిన్. దగ్గు మీద పరిశోధన చేసేవాళ్ళు మనుషులకు కావాలని దగ్గు తెప్పించడానికి దాని ఆవిరినే పీల్పిస్తారు. మన శ్వాసనాళాల్లో మంటనూ ఘాటునూ పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. వాటిని కదిలిస్తే దగ్గు వస్తుంది. 2020లో అమెరికాలోని డల్లాస్ శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. క్షయ (టీబీ) క్రిమి ఒంటి మీద సల్ఫోలిపిడ్-1 అనే కొవ్వు పదార్థం ఉంటుంది. నొప్పిని పసిగట్టే నరాలను అది నేరుగా రెచ్చగొడుతుంది. ఆ పదార్థం తయారు చేసుకోలేని క్రిమిని గినీ పిగ్‌లకు సోకించి చూస్తే అవి దగ్గలేదు. దగ్గు మనల్ని కాపాడేదని చిన్నప్పుడు చదువుకున్నాం, నిజమే. కానీ ఆ క్రిమి మనలోంచి బయటపడి ఇంకొకరిని చేరే దారి కూడా అదే. దానికి కావాల్సిన దగ్గును అదే పుట్టించుకుంటుంది. మిరప ఘాటు తగిలే చోటే అదీ తగులుతుంది కాబట్టి, దగ్గు విని ఏది ఏదో చెప్పడం నావల్ల కూడా కాదు.

దగ్గేముందు నిండా గాలి పీలుస్తాం. గొంతులో స్వరపేటిక మూసుకుంటుంది, పొట్ట, ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి, ఒక్కసారిగా ఆ మూత విడిపోతుంది. ఆ విసురుకు నాళాల గోడల తడి చిట్లి తుంపర్లవుతుంది. పెద్ద తుంపర్లు ఒకటి రెండు మీటర్లలోనే రాలిపోతాయి. కంటికి కనిపించేవి అవే కాబట్టి మన భయమంతా వాటి మీదే. 1934లో విలియం వెల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కనిపించని వాటి లెక్క తీశాడు. చిన్న తుంపర నేలకు చేరకముందే ఆరిపోతుంది. మిగిలిన పొడి కణం వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అది గాలిలోనే గంటల తరబడి తిరుగుతుంది, ఊపిరితిత్తుల అట్టడుగు దాకా పోగలిగేదీ అదే. తలుపులేసిన గదిలో ఒకరు చుట్ట కాల్చి వెళ్ళిపోయాక లోపలికి వచ్చినవాళ్ళకు వాసన తగలదా? ఇదీ అంతే, కాకపోతే వాసన రాదు. తట్టు వైరస్ కూడా, రోగి వెళ్ళిపోయాక రెండు గంటల దాకా గది గాలిలో ఉండగలదు.

క్షయ కూడా ఇలా గాలి ద్వారానే సోకుతుందని వెల్స్, రిచర్డ్ రైలీ కలిసి 1950ల చివర్లో బాల్టిమోర్‌లో తేల్చారు. ఆరు పడకల క్షయ వార్డులోని గాలిని గొట్టాల గుండా పైనున్న గినీ పిగ్‌ల గదిలోకి పంపారు. అవి రోగుల్ని ముట్టలేదు, వాళ్ళ ఎంగిలి తినలేదు. వార్డు గాలి మాత్రమే పీల్చాయి, వాటిలో కొన్నింటికి క్షయ సోకుతూ వచ్చింది. అదే గాలిని అతినీలలోహిత కాంతి గుండా పంపిన గదిలోవి బాగానే ఉన్నాయి. ఇంకొకటి కూడా తేలింది: సోకించినవాళ్ళు కొద్దిమందే, మందులు పనిచేస్తున్న రోగుల నుంచి సోకడం చాలా తక్కువ.

ఇక మన ఇళ్ళ సంగతి. టీబీ అని తెలియగానే కంచం వేరు, గ్లాసు వేరు. కొత్త కోడలైతే పుట్టింటికి పంపేస్తారు. కంచం వల్ల క్షయ రాదు. జబ్బు బయటపడక ముందు ఆ మనిషి నెలల తరబడి కిటికీ బిగించిన గదిలో పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకున్నాడు చూడండి, ప్రమాదమంతా అప్పుడే జరిగింది. శ్రీరామనవమికి భద్రాచలం మిథిలా స్టేడియంలో ఆరుబయట వేలమంది కూర్చున్నప్పటి కన్నా, ఆ చిన్న గదిలో రాత్రి తర్వాత రాత్రి గడపడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

మందులు మొదలయ్యాక రోగిని వేరుగా పెట్టాలా అన్న విషయంలో మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన ప్రపంచానికే పాఠం చెప్పింది. నూట తొంభైమందికి పైగా పేద రోగుల్లో సగం మందిని శానటోరియంలో పెట్టారు, సగం మందికి ఇరుకు ఇళ్ళలోనే మందులిచ్చారు. రెండు జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లో మందులు తీసుకున్నవాళ్ళ కుటుంబాలకు అదనంగా జబ్బేమీ అంటలేదు. ఆనాటి డాక్టర్లే నమ్మలేకపోయారు. నేటికీ నమ్మని అత్తగార్లు ఉన్నారు, వాళ్ళకోసమే ఇది చెప్తున్నా.

అసలు కష్టం మందు చివరిదాకా అందడం. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ వైపు నుంచి మిరప ఏరడానికి వచ్చేవాళ్ళు చేల గట్ల మీద పట్టాలు కప్పుకుని ఉంటారు. ఏరడం రెండు మూడు నెలలు, మందు కనీసం ఆరు నెలలు. మన ఖమ్మం జిల్లాలో ఉన్న చింతూరు, కూనవరం మండలాలు 2014లో ఆంధ్రలోకి పోయాయి. అక్కడి జనంలో చాలామందికి ఆసుపత్రి అంటే ఇప్పటికీ భద్రాచలమే. క్షయ రోగుల్ని నమోదు చేసే సర్కారు పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కితే ఏ రాష్ట్రంలోనైనా మందు కొనసాగించవచ్చు. మీ చేలో కూలి పనికి వచ్చినవాళ్ళు ఊరికి వెళ్ళేముందు ఆ నిక్షయ్ నంబరు, మందులు చేతిలో ఉన్నాయో లేదో అడగండి, రైతన్నా.

తిండి సంగతి కూడా చెప్పాలి. జార్ఖండ్‌లో చేసి 2023లో ప్రచురించిన ఒక పరిశోధనలో రోగి ఇంట్లోవాళ్ళకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. వాళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. పప్పుతో వచ్చే ఇంత లాభాన్ని టానిక్కు సీసాల్లో నేను ఎన్నడూ చూడలేదు.

దగ్గు ఉన్నవాళ్ళనే వెతికితే చాలదు. 2019–21 జాతీయ సర్వేలో బయటపడ్డ క్షయ రోగుల్లో నూటికి 40 మందికి పైగా ఎక్స్-రే తీయకపోతే దొరికేవాళ్ళే కాదు. దగ్గకుండా మామూలుగా ఊపిరి వదిలినా క్రిమి బయటికి వస్తుందని కేప్‌టౌన్ పరిశోధకులు చూపించారు. అందుకే ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే, దగ్గు లేకపోయినా మిగతా అందరికీ ఎక్స్-రే తీయించండి.

రెండు వారాలు దాటిన దగ్గు మిరప వల్లనో పొగ వల్లనో అని మీరే తేల్చకండి. తెమడ పరీక్ష, మందులు సర్కారు దవాఖానలో ఉచితం. ఆశా కార్యకర్త డబ్బా ఇస్తుంది. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి తెమడ తీసి ఇవ్వండి, ఉమ్మి ఇస్తే పరీక్షకు పనికిరాదు. ఆ దగ్గేదేదో బాత్‌రూంలో కాదు, ఎవరూ లేని చోట ఆరుబయట దగ్గండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరుసలో అప్పటినుంచీ చేయెత్తి ఉన్న అమ్మ ముందు అడగాలి.