చేతిఫోనుకు చెల్లుచీటి

(ఖరగ్‌పూరునందలి తెలుగు ఉద్యోగ కుటుంబముల సమావేశమున చేయబడిన ఉపన్యాసము)



బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఖరగ్‌పూరున కార్ఖానా నెలకొల్పిన కాలమునుండియు శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల తెలుగువారు ఈ యూరికి వచ్చి స్థిరపడిరి. జీతము నెలకొకమారు; అవసరము నిత్యము. కావున అప్పు, వాయిదా అను మాటలు ఇచ్చటి గృహములకు క్రొత్తవి కావు. భారతదేశపు కార్మికుల స్థితిగతులను విచారించిన విట్లీ కమీషను 1931లో ప్రకటించిన నివేదికయందు, బాకీ వసూలునకై ఋణదాతలు కార్ఖానా ద్వారముకడ కాచియుండుటను నేరముగా పరిగణింపవలెనని సూచించినది. నేటి ఋణదాత ద్వారముకడ నిలువడు. చొక్కా జేబులోననే కూర్చుండి మ్రోగుచుండును.

ఫోనును తక్కువ సొమ్మునకు చేతికిచ్చి, ఇన్ని నెలలు తమ సేవనే వాడవలెనని కట్టుబాటు చేయుట వర్తకులు అనుసరించు పద్ధతులలో నొకటి. గడువు తీరకమునుపే ఆ సేవను విడిచినచో ఫోను ఎవరిది? విడిచినవాడు ఎంత చెల్లించవలెను? చెల్లింపక ఫోనును ఉంచుకొనవచ్చునా? ఈ ప్రశ్నలు చిన్నవిగా కనబడినను, బదిలీలును పదవీ విరమణలును గల ఉద్యోగులకు తప్పనిసరి యగుచున్నవి.

ఈ దేశమున చేతిఫోను తొలిపలుకు ఈ రాష్ట్రమునందే వినబడినది. 1995 జూలై 31వ తేదీని కలకత్తా రైటర్స్ బిల్డింగునుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటలాడెను. ఆ దినములలో చేసిన పిలుపునకే గాక, వచ్చిన పిలుపునకును రుసుము గలదు. ఈ రెండవ రుసుము 2003లో గాని తొలగలేదు.

ఆ సంవత్సరము జూలైలోనే రిలయన్స్ ఇన్ఫోకాం సంస్థ ‘మాన్‌సూన్ హంగామా’ యను పేర, ముందుగా 501 రూపాయలు మాత్రమే పుచ్చుకొని ఫోనునిచ్చి, మిగిలిన సొమ్మును నెలనెల రాబట్టు పద్ధతిని ప్రవేశపెట్టినది. లక్షలమంది చేరిరి. వారిలో చాలమంది పిమ్మట బిల్లు కట్టుట మానిరి. ఫోను చేతనున్నది గదా యని వారి ధీమా. కాని యది సి.డి.ఎం.ఏ. పద్ధతికి చెందిన ఫోను. విడదీయుటకు అందు సిమ్ము కార్డు లేదు. నంబరు ఫోనులోననే నిక్షిప్తమై యుండెను. సేవ ఆగినతోడనే యది పిల్లల ఆటవస్తువయ్యెను. బాకీ మాత్రము వారి పేర మిగిలెను. సేవ లేని ఫోనును దాచుకొనుట లాభము కాదని ఆనాడే తెలియవచ్చినది.

2017లో మరి రెండు పద్ధతులు వచ్చినవి. ఈ రెండును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో అసలు భేదము బోధపడును.

మొదటిది జియోఫోను. 1500 రూపాయలు డిపాజిట్టు. 36 నెలల పిదప ఫోను తిరిగి యిచ్చినచో డిపాజిట్టు తిరిగి వచ్చెడిది. ఏటా కనీసము 1500 రూపాయల రీఛార్జి చేయవలసియుండెను. మొదటి ఏటనే ఫోను తిరిగి యిచ్చినచో 1500, రెండవ ఏట 1000, మూడవ ఏట 500 రూపాయలు, పన్నుతోగూడ, చెల్లించవలెనని షరతు ఉండెను. ఆ ఫోను అన్య సంస్థల సేవతో పనిచేయదు. ఇచ్చట ఫోను వాడుకకిచ్చిన వస్తువువంటిది.

రెండవది ఎయిర్‌టెల్ సంస్థ కార్బన్ కంపెనీతో కలిసి తెచ్చిన ఫోను. కొనువాడు 2899 రూపాయలు ముందే చెల్లించెడివాడు. నెలకు 169 రూపాయల చొప్పున వరుసగా 36 నెలలు రీఛార్జి చేసినచో 18 నెలలకు 500, 36 నెలలకు 1000 రూపాయలు వాపసు వచ్చెడివి. ఇరువది నెలలకు విడిచినవాడు ఆ వేయి రూపాయలను పోగొట్టుకొనెడివాడు. ఫోను మాత్రము నిస్సంశయముగా వానిదే. 1399 రూపాయలకు రావలసినది 2399కి వచ్చినదన్నమాట.

అమెరికాలో పిల్లలున్న కుటుంబములు మూడవ పద్ధతిని వినియుందురు. అచ్చట రెండేండ్ల ఒప్పందముపై ఫోను చౌకగా నిచ్చి, మధ్యలో విడిచినవానిపై రుసుము విధించుట చిరకాలము సాగినది. వెరైజన్ సంస్థ 2009లో పెద్ద ఫోనులకు ఈ రుసుమును 350 డాలర్లుగా నిర్ణయించి, గడచిన ప్రతి నెలకు 10 డాలర్లు తగ్గించునట్లు ఏర్పాటు చేసెను. పది నెలలకు విడిచినవాడు 250 డాలర్లు చెల్లించి ఫోనును తనయొద్దనే ఉంచుకొనెను. నెలనెల తగ్గు ఆ రుసుము నిజమునకు ఫోను ధరలో మిగిలిన భాగమే. ఇందలి ధర్మసూక్ష్మ మంతయు ఇదియే.

ఖరగ్‌పూరు కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసిన ఒకడు పదవీ విరమణానంతరము శ్రీకాకుళమునకు పోవుచున్నాడనుకొనుడు. నెలకు 500 రూపాయల వంతున 24 వాయిదాలకు ఫోను కొని, 14 వాయిదాలు చెల్లించెను. సిమ్ము మార్చినచో చాలునని కుమారుడు చెప్పును. ఫోనును తిరిగి యిచ్చివేయుట మేలని భార్య యనును. రెండును సరికావు. ఫోను అతనికి అమ్మబడినది. మిగిలినది పది వాయిదాల బాకీ, అనగా 5000 రూపాయలు. దానిని చెల్లించినచో ఫోను అతనిది, పరువును అతనిదే.

అయితే సంస్థవారు ఎప్పుడు విడిచినను మొత్తము 12000 రూపాయలు కట్టవలెనని వ్రాసికొనియున్నచో? 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 74వ సెక్షను ఇందుకు సమాధానము చెప్పుచున్నది. ఒప్పందమును భంగపరచినందుకు ఎంత సొమ్ము వ్రాసియున్నను, ఆ సొమ్మునకు మించకుండ, సమంజసమైన పరిహారము మాత్రమే లభించును. 1963లో ఫతేచంద్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సూత్రమును స్థిరపరచినది. నష్టమునకు తగని జరిమానా విధించు ఒప్పందమును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము అన్యాయపు ఒప్పందముగా పేర్కొన్నది. అట్టి ఫిర్యాదును రాష్ట్ర కమీషను విచారించును. టెలిఫోను సేవలను గూర్చిన ఫిర్యాదులు వినియోగదారుల కమీషనుల పరిధిలోనివే యని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది.

ఇక నంబరు సంగతి. నంబరు మారకయే సంస్థను మార్చుకొను సౌకర్యము 2011 జనవరి 20 నుండి దేశమంతట కలిగినది. కాని ఖరగ్‌పూరు పశ్చిమబెంగాలు సర్కిలుకు, శ్రీకాకుళము ఆంధ్ర సర్కిలుకు చెందినవగుటచే, 2015 జూలై 3వ తేదీ వరకు ఈ యూరి నంబరును అచ్చటి సంస్థకు మార్చుకొనుటకు వీలులేకుండెను. ఇప్పుడు ఆ అడ్డు లేదు. అయినను గడువు దాటిన బిల్లు బాకీ యున్నచో, ఒప్పందమునందలి విడుపు షరతును పాటింపకున్నచో, నంబరు మార్పును నిరాకరించుటకు పాత సంస్థకు అధికారము కలదు. ఆ సంస్థలో 90 దినములైన గడచియుండవలెను. బంధుమిత్రులకును, బ్యాంకునకును, పింఛను కార్యాలయమునకును తెలిసిన నంబరు ఇట్లు ఒక చిన్న బాకీకి చిక్కుకొనును.

ఇటీవల పెక్కు ఫోనులు బ్యాంకు లేదా ఫైనాన్సు కంపెనీ అప్పుపై కొనబడుచున్నవి. అట్టి యెడల సేవ వేరు, అప్పు వేరు. సిమ్ము మార్చినంత మాత్రమున వాయిదా ఆగదు. తప్పిన వాయిదా 2005 నాటి చట్టము ననుసరించి పనిచేయు పరపతి సమాచార సంస్థల పద్దులకెక్కును. స్వగ్రామమున ఇల్లు కట్టుకొనుటకు అప్పు కోరునాడు ఈ చిన్న మచ్చయే పెద్ద అడ్డగును.

కావున విడువదలచినవాడు చేయవలసిన పనులు, చేయవలసిన వరుసలో, ఇవి. మొదట ఒప్పందపు కాగితమును చదివి, ఫోను అమ్మబడినదో వాడుకకీయబడినదో తెలిసికొనవలెను. పిదప మిగిలిన బాకీ ఎంతయో వ్రాతమూలకముగా అడుగవలెను. సొమ్ము చెల్లించి, బాకీ లేదను చెల్లుచీటిని పుచ్చుకొనవలెను. ఫోను ఆ సంస్థ సేవకే బిగింపబడియున్నచో ఆ బిగింపును తొలగింపుడని కోరవలెను. అన్నియు ముగిసిన పిమ్మటనే పోర్ట్ అను మాటయు, తన నంబరును 1900కు సందేశముగా పంపవలెను. ఈ వరుసను తలక్రిందులు చేయుటవలననే చిక్కులన్నియు కలుగుచున్నవి.

పూర్వము ఋణము తీరిన దినమున పెద్దలు పత్రము వెనుక చెల్లు వ్రాయించుకొని, దానిని పెట్టెలో భద్రపరచెడివారు. పత్రము పోయి తెర వచ్చినను ఆ యలవాటును విడువరాదు. ఈ యూరు విడిచిపోవు కుటుంబము సామానులతోపాటు ఆ చెల్లుచీటినిగూడ మూటగట్టుకొని, తన నంబరుతో, తన ఫోనుతో, ఎవరికిని బాకీ లేక రైలెక్కుగాక.