రెండువందల ఒకటవ యూనిట్టు

గత సంవత్సరము మారేడుపల్లిలోని మా యింటికి వచ్చిన మే నెల కరెంటు బిల్లును చూచి మా శ్రీమతి లెక్క తప్పినదనుకొన్నది. ఏప్రిలులో వాడినది 200 యూనిట్లు, మేలో 201. ఒక్క యూనిట్టునకు రెండువందల రూపాయలకు పైగా హెచ్చినది! నేను కాగితము, పెన్సిలు తీసికొని కూర్చుంటిని. లెక్క తప్పలేదు.

తెలంగాణలో 2022లో అమలులోనికి వచ్చిన రేట్ల ప్రకారము, నెల వాడకము నూరు దాటి 200 యూనిట్ల లోపల నున్నచో మొదటి నూటికి యూనిట్టు 3 రూపాయల 40 పైసలు, తరువాతి నూటికి 4 రూపాయల 80 పైసలు. వెరసి 820 రూపాయలు. 200 దాటినంతనే మొదటి యూనిట్టు నుండియు 5 రూపాయల 10 పైసల రేటు పడును. ఆపైని యూనిట్టు 7 రూపాయల 70 పైసలు. అనగా 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. స్థిర చార్జీలు, సుంకము వేరు. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి పథకమునకు అర్హులైన కుటుంబములకును హద్దు ఈ 200 యూనిట్లే.

ఇక ఏ వస్తువు ఎంత తినుచున్నది? మిక్సీ శబ్దము వినబడినప్పుడెల్ల మా అమ్మగారు కరెంటంతయు అదే మ్రింగుచున్నదని కేకలు వేయుదురు. పాపము, 750 వాట్ల మిక్సీ ఐదు నిమిషములు తిరిగినచో ఖర్చగునది యూనిట్టులో పదునారవ వంతు. చప్పుడు లేక తినునది తలపైని పంకా. పాతరకపు పంకా 75 వాట్లది. రోజునకు 16 గంటలు తిరిగినచో నెలకు 36 యూనిట్లు. బి.ఎల్.డి.సి. పంకాలని పిలువబడు, బ్రష్షులు లేని మోటారు పంకాలు సుమారు 30 వాట్లతోనే పని జరుపును; వానికి నెలకు పదునాలుగున్నర యూనిట్లు చాలును. మేము రెండు పంకాలు మార్చితిమి. నెలకు 43 యూనిట్లు మిగులుచున్నవి. వాని వెల ఎక్కువే. కావున రేయింబవళ్లు తిరుగు గదులలో మార్చుట లాభము. చుట్టములు వచ్చినపుడు మాత్రమే తిరుగు పంకాను అట్లే ఉండనిండు.

రెండువేల వాట్ల గీజరు అరగంటలో ఒక యూనిట్టు తినును. మే నెలలో సికింద్రాబాదు మేడలపైని ట్యాంకు నీళ్లే చేయి కాల్చుచుండగా, అలవాటు చొప్పున గీజరు స్విచ్చి వేయు ఇండ్లు నాకు తెలియును. మాది అందులో నొకటి.

ఏ.సి. గలవారు దానిని 24 డిగ్రీల వద్ద నుంచి, పంకాను మెల్లగా తిరుగనిండు. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు నూటికి ఆరు వంతుల కరెంటు ఆదాయగునని ఇంధన సామర్థ్య బ్యూరో వారి అంచనా.

బిల్లుపైని రీడింగును గోడ క్యాలెండరుపై వ్రాసికొని, ఇరువదవ నాడు మీటరు చూడుడు. అప్పటికే 133 యూనిట్లు దాటియున్నచో మిగిలిన పది దినములు జాగ్రత్త పడవలెను. పంకాలు మార్చిన నెలలో మాకు 106 తేలినది. రేడియోను మాత్రము కట్టివేయనక్కరలేదు. దాని తిండి కొద్ది వాట్లే.