మగ్గం పక్కన మందు డబ్బా

(షోలాపురం సభలో చేసిన ప్రసంగం)



నన్ను పాతకాలం మందుల మీద మాట్లాడమన్నారు. నేను చిన్నప్పుడు మా బాపు వెంట సాంచాల కాడికి పోయి కండెలు అందించినవాణ్ని. ఆ తర్వాత ముప్పై ఏండ్లు ఈ ఊరి పూర్వ భాగంలో మందుల దుకాణం నడిపిన. అందుకే ఈ పని నాకు అప్పజెప్పి ఉంటారు. తలనూనెల ముచ్చట ముందు చెప్త, అది సరదా. నొప్పి మందుల ముచ్చట తర్వాత. అది సరదా కాదు, కాబట్టి మధ్యలో చాయ్‌కి లేవకండి.

మన ఇండ్లల్ల తలనూనె ఇంట్లోనే కాసేవాళ్లు. గుంటగలగరాకు రసం, మందారాకు, మెంతులు వేసి, చిటపట చప్పుడు ఆగేదాకా సన్నటి సెగ మీద కాచి వడగట్టేవాళ్లు. చప్పుడు ఆగిందంటే ఆకులోని తడి పోయిందన్నట్టు. తడి మిగిలితే నూనె చెడిపోతది. ఆ లెక్క మన అవ్వలకు ఎవరూ పుస్తకంలో చూపించలేదు.

తర్వాత సీసాలొచ్చినయి. కలకత్తాలో 1878లో మొదలైన సి.కె.సేన్ కంపెనీ వారి ఎర్రటి 'జబాకుసుమ్' నూనె దేశమంతా పాకింది. జబాకుసుమ్ అంటే మరేం కాదు, మన మందారపువ్వే! పెరట్లో పూసే పువ్వు బెంగాలీ పేరు పెట్టుకొని, సీసా ఎక్కి, మన గడపలోకే వచ్చింది. ఇట్లాంటి నూనెల ప్రకటనల్లో మోకాళ్ల దాకా జుట్టున్న అమ్మాయి బొమ్మ తప్పకుండా ఉండేది. బొమ్మ చూసి కొన్నోళ్లే ఎక్కువ.

వీటిని 'పేటెంటు మందులు' అనేవాళ్లు. ఆ మాటలో ఒక తమాషా ఉంది. నిజంగా పేటెంటు తీసుకోవాలంటే మందులో ఏముందో సర్కారుకు రాసివ్వాలి, అది లోకానికి తెలిసిపోతది. అందుకే వీటిలో చాలావాటికి అసలు పేటెంటే లేదు. వాళ్లు కాపాడుకున్నది పేరును, లేబుల్‌ను, సీసా ఆకారాన్ని. లోపల ఏముందో మాత్రం గుట్టు.

జుట్టు సంగతి కూడా తేల్చి చెప్త. కొబ్బరినూనె రాస్తే తలంటుకునేటప్పుడు వెంట్రుక బలం కొంత పోకుండా ఉంటది, ఇది పరీక్షించి చెప్పిన మాటే. వేరు చచ్చిపోయిన చోట మాత్రం ఏ నూనె రాసినా మొలవదు. బట్టతల మీద జుట్టు మొలిపిస్తమని, నెరిసిన జుట్టు నల్లబరుస్తమని ఏ మందూ చెప్పుకోరాదని మన దేశపు మందుల నిబంధనల్లో 'షెడ్యూల్ జె' అనే పట్టికలోనే ఉంది. 1954లో మాయమందుల ప్రకటనల మీద ఒక చట్టమే తెచ్చారు. అందుకే తెలివైన కంపెనీలు 'మొలిపిస్తది' అనవు, 'ఒత్తుగా కనిపిస్తది' అంటయి. ఆ రెండు మాటల మధ్య తేడా మీకు నేను చెప్పక్కరలేదు, బేరంలో మనం ఆరితేరినోళ్లమే కదా.

ఇక నొప్పి మందులు. మన మహారాష్ట్ర తెలుగోళ్లు ఛాతీ విరుచుకొని చెప్పుకోదగ్గ మాట ఒకటుంది. అమృతాంజనం పుట్టింది మదరాసులో కాదు, బొంబాయిలో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అక్కడ మొదలుపెట్టారు. సంగీత కచేరీలకు పోయి వచ్చినోళ్లకు ఊరికే పంచిపెట్టి అలవాటు చేసినారట. ఆ లాభంతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. 1914లో మదరాసులో దినపత్రిక అయింది. అంటే లెక్కకు తెలుగోడి తలనొప్పే తెలుగు పత్రికను సాకింది! మదరాసులోనే కె.ఎన్.కేసరిగారు ఆడవాళ్ల రుతుబాధలకు 'లోధ్ర' అనే మందు అమ్మి, ఆ పైసలతో 'గృహలక్ష్మి' పత్రిక నడిపారు. లోధ్ర అంటే మన లొద్దుగ చెక్క. కర్ణాటక నుంచి వచ్చినోళ్లు నంజనగూడు పళ్లపొడి చెప్పలేదేమని అలగొద్దు, 1913 నాటి సద్వైద్యశాల వారి సరుకు అది, మంచి సరుకే.

బామ్ ఎట్ల పని చేస్తది? అందులోని పుదీనా పువ్వు చల్లదనం తెలిపే నరాలను తట్టి లేపుతది. నిజానికి చర్మం చల్లబడదు, చల్లబడ్డట్టు మనకు అనిపిస్తది. ఆ గోలలో నొప్పి కబురు వెనక్కి పోతది. అంతే, రోగం కుదిరిందని కాదు. అయినా నేను బామ్‌ను తిట్టను. రాసుకునే మందు వల్ల పెద్దవాళ్లకు నష్టం తక్కువ. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం జాగ్రత్త. కర్పూరం కడుపులోకి పోతే చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తయి. వింటర్‌గ్రీన్ నూనె అచ్చంగా ఒక్క టీ చెమ్చా మింగితే ఇరవై ఆస్పిరిన్ గోళీలు మింగినంత పని. రెండేండ్ల లోపు పిల్లల ముక్కు కింద బామ్ రాయొద్దు. ఆ డబ్బాను మగ్గం పక్కన కింద పెట్టొద్దు, అటక మీద పెట్టండి.

నాకు భయం బామ్ గురించి కాదు, మింగే గోళీల గురించి. గుంటమగ్గం మీద నడుము వంచి కూర్చున్నోళ్లకు నడుమునొప్పి. సాంచాల చప్పుడులో పన్నెండు గంటలు నిలబడ్డోళ్లకు తలనొప్పి, కాళ్లనొప్పి. బీడీలు చుట్టే మా అక్కలకు మెడ, వేళ్లు. కూలి మీటరు లెక్క, బీడీల వెయ్యి లెక్క. పని ఆగితే కూలి ఆగుతది. అందుకని పొద్దున చాయ్‌తో ఒక గోళీ, రాత్రి పాళీకి ముందు ఒక గోళీ. నా దుకాణంలో "రోజుటిది ఇయ్యి" అని అడిగేవాళ్లు, పేరు కూడా చెప్పేవాళ్లు కాదు.

ఇట్లాంటి కథ ఇంకో దేశంలో జరిగింది, వినండి. స్వీడన్‌లో హుస్క్‌వర్నా అని ఒక ఊరుంది. అప్పట్లో తుపాకులు, కుట్టుమిషన్లు చేసిన కార్ఖానా ఊరు. 1918 ఫ్లూ కాలంలో అక్కడి డాక్టరు ఒకాయన జ్వరానికి ఒక పొడి రాసిచ్చాడు. అందులో ఫెనాసిటిన్, ఫెనజోన్, కెఫీన్ ఉండేవి. జ్వరాలు పోయినయి గానీ పొడి పోలేదు. తలనొప్పి తగ్గి, కొంచెం హుషారు వచ్చి, పని చకచకా సాగుతున్నదని కార్మికులు ఏండ్ల తరబడి రోజూ వేసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరికే మూత్రపిండాలు చెడిపోయి చనిపోవడం మొదలైంది. డాక్టర్లు లెక్క తీస్తే ఆ పొడి ఎక్కువగా వాడినోళ్ల దగ్గరే తేలింది. స్విట్జర్లాండ్‌లో గడియారాలు చేసేవాళ్ల దగ్గరా ఇట్లనే కనబడింది. ఆ ఫెనాసిటిన్‌ను తర్వాత మన దేశంలోనూ నిషేధించారు.

అది పోయింది కదా అంటారేమో. దాని స్థానంలో వచ్చిన డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి కూడా రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతయి, మూత్రపిండాలు దెబ్బతింటయి. బీపీ, షుగర్ ఉన్నోళ్లకు మరీ తొందరగా. ఇంకొకటి, మోకాళ్లనొప్పులకు పేరు లేని పొట్లాలు అమ్ముతరు, 'ఆకుమందు' అంటరు. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషపడకండి, అనుమానపడండి. ఇట్లాంటివాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఎన్నోసార్లు బయటపడింది. మొహం ఉబ్బుతది, షుగర్ పెరుగుతది. నెలల తరబడి వేసుకొని ఉంటే ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, పొట్లం పట్టుకొని డాక్టరు దగ్గరికి పోయి చూపించాలె.

మన సమాఖ్యను నేను అడిగేది రెండు పనులు. ఏటా పెట్టే కండ్ల పరీక్ష శిబిరంలో బీపీ చూసి, రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించండి, పెద్ద ఖర్చు కాదు. వారానికి మూడు నాలుగు రోజులకంటే ఎక్కువ గోళీ వేసుకునేవాళ్లను ముందు వరసలో నిలబెట్టండి. రెండోది, కూర్చునే పీట ఎత్తు, దీపం ఉండే చోటు చూసి సరిచేయించుకోవడానికి ఒక తెలిసిన మనిషిని ఇంటింటికీ పంపండి. గోళీతో అణగని నడుమునొప్పి పీట కింద రెండంగుళాల చెక్క పెడితే తగ్గిన ఇండ్లు నాకు తెలుసు.

ఇక మీ ఇండ్లల్ల పాత నూనె సీసాలు, బామ్ డబ్బాలు, పత్రికల్లోని ప్రకటనలు ఉంటే పారేయకండి. ఫోటో తీసి సమాఖ్యకు పంపండి, వచ్చే సంచికలో వేద్దాం. సీసా ఖాళీదైనా పర్వాలేదు, లేబుల్ చినగకుండా ఉంటే చాలు.