బల్ల మీది గురి, అడవిలోని గురి

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. అది హాస్టల్లో రోజూ మాట్లాడేదే. ఈరోజు తుపాకీ గురించి మాట్లాడతాను.

పోయిన చైత్రంలో, ఇటుకల పండగకు ముందు, ఇంటర్ చదివే పిల్లవాడొకడు నాకు ఫోన్లో వీడియో చూపించాడు. అమెరికాలో ఎక్కడో కొండ మీద పడుకుని, వెయ్యి గజాల అవతలున్న పెద్ద దుప్పిని ఒక్క గుండుతో పడగొట్టారు. "చూశారా మేడమ్! మా ఊళ్ళో ఒకాయన దగ్గర నాటు తుపాకీ ఉంది. ఈసారి వేటకి నేనూ వెళ్తాను" అన్నాడు. వెంటనే తిట్టలేదు. ఆ వీడియోలు నేనూ కూర్చుని చూశాను.

చూస్తే తెలిసింది, అక్కడ రెండు వేర్వేరు విద్యలున్నాయి. ఒకటి బెంచ్‌రెస్ట్ పోటీ. గట్టి బల్ల, దాని మీద తుపాకీకి ముందొక ఆసరా, వెనకొక ఇసుక సంచి. 100 గజాలు, 200 గజాల దూరంలో కాగితం. దారి పొడుగునా గాలి ఎటు తిరుగుతోందో చూపించే జెండాలు. ముందు పక్క బొమ్మ మీద కావలసినన్ని గుళ్ళు కాల్చి గాలి చూసుకోవచ్చు. ఆ తర్వాత లెక్కకు ఐదు. ఆ ఐదు చిల్లుల్లో బాగా ఎడంగా పడ్డ రెండింటి మధ్య దూరం కొలుస్తారు. 100 గజాల్లో గెలిచేవాళ్ళ ఐదు గుళ్ళూ పావు అంగుళంలో ఇమిడిపోతాయి. ఇంకో విచిత్రం, ఆ గుంపు సరిగ్గా నడిమధ్యన పడాలని లేదు. ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయన్నదే పోటీ.

ఇప్పుడు అడవికి రండి. జంతువు ఒంట్లో ఎక్కడ తగిలిందన్నదే మొత్తం లెక్క. పక్క బొమ్మ లేదు, జెండా లేదు, బల్ల లేదు. చల్లగా ఉన్న గొట్టంలోంచి వచ్చే మొదటి గుండే అసలు గుండు. వెయ్యి గజాలు వెళ్ళడానికి దానికి సెకను పైనే పడుతుంది. ఈలోపు ఇరవై అడుగులకు పైగా కిందికి దిగుతుంది, మామూలు గాలికే మనిషెత్తు పక్కకు పోగలదు. దూరం కొలిచే యంత్రం ఇదంతా లెక్కగట్టిందే అనుకోండి. ఆ సెకనులో దుప్పి ఒక్క అడుగు ముందుకేస్తే? గుండె దగ్గర తగలాల్సింది కడుపులో తగులుతుంది. బల్ల మీద తప్పితే కాగితానికి ఇంకో చిల్లు, అంతే. ఇక్కడ ఆ జంతువు రెండు రోజులు పొదల్లో పడి చస్తుంది. అది వీడియోలో పెట్టరు. అమెరికాలోనే, 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అని వేటగాళ్ళ సంఘం ఉంది. దూరం నుంచి కొట్టడమే గొప్పగా పెట్టుకున్న వేటను ఆ సంఘమే తప్పుపట్టింది.

మా తాత విల్లుతో వేటాడిన మనిషి. ఆయన గొప్ప దూరంలో లేదు, దగ్గరికి పోవడంలో ఉండేది. గాలికి ఎదురు నడిచి, ఇరవై అడుగుల్లోకి వెళ్ళేదాకా బాణం ఎక్కుపెట్టేవాడు కాదట. ఎక్కుపెట్టాక కూడా అనుమానం వస్తే దించేసేవాడు. దెబ్బ తిన్నది పారిపోతే నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ పోవాలి, దొరికేదాకా ఇంటికి రాకూడదు. నాటు తుపాకీ పట్టుకుని చీకట్లో పొద కదిలిన వైపు పేల్చేవాడికి ఆ తాత పేరు చెప్పుకునే హక్కు లేదు.

చట్టం సంగతి కూడా సూటిగా చెప్తాను. 1972 వన్యప్రాణి చట్టం మనకూ వర్తిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం మన భూమికి, అటవీ ఫలసాయానికి హక్కు ఇచ్చింది గానీ వేటను విడిగా పేరు పెట్టి పక్కన పెట్టింది. మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్ళకు తక్కువ కాని జైలు, ఏడేళ్ళ దాకా. లైసెన్సు లేని తుపాకీకి వేరే కేసు. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాత్రింబవళ్ళు పరిగెత్తే మీకు, ఆ కేసు పోలీసు విచారణలో ఎక్కడ అడ్డం పడుతుందో నేను చెప్పాలా?

ఆ పిల్లవాడు చివరికి అసలు మాట చెప్పాడు. "ఉత్త చేతుల్తో వస్తే మా వదినలు పేడనీళ్ళు పోస్తారు మేడమ్, పోయినేడు పోశారు." నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ కుండలు పట్టుకునేది మనమే కదా, చెల్లెళ్ళూ!

తుపాకీ మీద నిజంగా మోజున్నవాళ్ళు కాలేజీలో ఎన్‌సీసీలో చేరండి, అక్కడ పాయింట్ టూటూ రైఫిల్ కాల్పిస్తారు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన పోటీలో దూరం పది మీటర్లే, కానీ నడిమి చుక్క అర మిల్లీమీటరు.

మిగతావాళ్ళకు నాదొక బేరం. వచ్చే ఇటుకల పండగకు మన ఊరి మైదానంలో అరటి బోదె పాతుదాం. ముప్పై అడుగులు, మన వెదురు విల్లే, మనిషికి ఐదు బాణాలు. బల్ల వాళ్ళ పద్ధతిలో ఎడం కొలుద్దాం. తాడు నేను తెస్తాను. అందరికంటే ఎక్కువ ఎడం వచ్చినవాడి కోసం పేడనీళ్ళ కుండ కూడా నేనే పట్టుకుంటాను.