పాటల కచేరీకి పోయొచ్చాం

(రైతు సంఘం జిల్లా విస్తృత సమావేశంలో చేసిన ప్రసంగం)



ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతుల కుటుంబాల కోసం సంక్రాంతి తర్వాత ఒక పాటల సభ పెట్టి విరాళాలు పోగేద్దామని కార్యవర్గం అనుకుంటున్నది. అట్లాంటి సభను మేం అమెరికాలో చూసొచ్చాం గనక, చూసింది చూసినట్టు చెప్పమన్నారు. మేం అంటే ఆలుమగలం ఇద్దరం. మనవరాలు పుట్టిందని కొడుకు దగ్గరకు మిన్నెసోటా రాష్ట్రం పోయినం. బాలింతకు పథ్యం వండి పెట్టడం తప్ప వేరే పని లేదు. "నాయినా, ఇక్కడ రైతుల కోసం పాటల జాతర జరుగుతున్నది, వస్తరా?" అని కొడుకు అడిగాడు. రైతుల కోసం అంటే ఆగుతామా! టికెట్టు ధర మాత్రం వాడు చెప్పలేదు. తర్వాత తెలిసి, ఎన్ని క్వింటాళ్ల వడ్లు అవుతయో లెక్కేసుకుని మా ఇంటామె రెండు రోజులు వాణ్ణి తిట్టింది.

2025 సెప్టెంబరు 20న మినియాపోలిస్ పట్నంలో, యూనివర్సిటీ వాళ్ల స్టేడియంలో జరిగింది. దాని పేరు ఫామ్ ఎయిడ్. 1985లో మొదలైంది, ఇది నలభయ్యో ఏడు.

రాక్ సంగీతం అంటే ఎట్లుంటదో ముందు చెప్పాలి. వినాయక నిమజ్జనం నాడు డీజే బండి పక్కన నిలబడితే ఛాతీలో దడదడ వస్తది చూడండి, అది నాలుగింతలు. మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా ఒకరి తర్వాత ఒకరు. జనం కుర్చీలుండీ కూర్చోరు. మా ఇంటామె చెవుల్లో దూది పెట్టుకుని, కొంగు చుట్టుకుని కూర్చున్నది. నీల్ యంగ్ అనే ముసలాయన గిటారు వాయిస్తుంటే ట్రాక్టరుకు రోటవేటరు కట్టి రాళ్ల చెల్కలో దున్నినట్టు అనిపించింది. అబద్ధం చెప్పడమెందుకు, మొదటి గంట తలనొప్పి లేచింది. రెండో గంటకు కాలు ఆడడం మొదలైంది. ఆఖరున విల్లీ నెల్సన్ వచ్చాడు. 92 ఏళ్లు. చిల్లు పడ్డ పాత గిటారు. ఆయన టెక్సాస్ పల్లెటూళ్లో పుట్టి, చిన్నప్పుడు పత్తి ఏరిన మనిషని కొడుకు చెప్పాడు. ఆ మాట విన్నాక మా ఇంటామె చెవుల్లోంచి దూది తీసేసింది.

వాళ్లకు ఈ ఆలోచన ఎట్లా పుట్టిందో వినండి. 1970లలో అమెరికా ధాన్యానికి బయటి దేశాల గిరాకీ పెరిగింది. గట్టు నుంచి గట్టు దాకా వేయండని వ్యవసాయ మంత్రే చెప్పాడు. బ్యాంకులు భూమి ధర చూసి పిలిచి అప్పులిచ్చాయి. 1979 తర్వాత వడ్డీలు ఒక్కసారి పెంచారు. రష్యాకు ధాన్యం అమ్మొద్దని 1980లో ప్రభుత్వం ఆపింది. పంట ధర పడిపోయింది, భూమి ధర కూలిపోయింది, అప్పు మాత్రం నిలబడ్డది. కమతాలు వేలానికి వచ్చాయి. పోయిన కమతాల గుర్తుగా కచేరీల ముందు తెల్ల శిలువలు పాతారు రైతులు. అంతకుముందే, 1979లో, ట్రాక్టర్లు కట్టుకుని రాజధాని వాషింగ్టన్ మీదికి పోయారు. మనవాళ్లు ఢిల్లీకి ట్రాక్టర్లతో పోతే వింతగా రాసిన పేపర్లకు ఈ సంగతి తెల్వదేమో.

1985 జూలైలో ఇథియోపియా కరువు కోసం లండన్‌లో, ఫిలడెల్ఫియాలో ఒకేనాడు పెద్ద కచేరీలు జరిగాయి. ఆ వేదిక మీద బాబ్ డిలన్ అనే గాయకుడు, ఇందులో కొంత సొమ్ము మన రైతుల తాకట్లు తీర్చడానికి వాడితే బాగుండేదన్నాడు. ఆకలితో చచ్చేవాళ్ల కోసం పెట్టిన సభలో ఆ మాటేందని తిట్టినవాళ్లున్నారు. తిట్టడంలో తప్పు లేదు, సమయం అది కాదు. కానీ విల్లీ నెల్సన్ ఆ మాట పట్టుకున్నాడు. నీల్ యంగ్, జాన్ మెలెన్‌క్యాంప్ కలిశారు. పది వారాల్లో, సెప్టెంబరు 22న ఇల్లినాయ్ రాష్ట్రంలో మొదటి సభ. దాదాపు 80 వేల మంది వచ్చారు. 70 లక్షల డాలర్లకు పైగా వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. అప్పట్లో అమెరికా రైతుల మొత్తం అప్పు దాదాపు 20 వేల కోట్ల డాలర్లు. అంటే వెయ్యి రూపాయల అప్పుకు నాలుగు పైసలు కూడా రాలేదు. పాటలతో అప్పు తీరదని వాళ్లకు మొదటి రోజే తెలిసింది. మరి ఆ డబ్బుతో ఏం చేశారు? ఒక ఫోన్ నంబరు పెట్టారు. బ్యాంకు నోటీసు చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెల్వక కూర్చున్న రైతు దానికి ఫోన్ చేయొచ్చు. అవతల మనిషి ఉంటాడు. ఏ కాగితం దాచాలి, ఏ వకీలును కలవాలి, దగ్గర్లో ఏ సంఘం ఉంది, ఇవన్నీ చెప్తాడు. ఆ ఫోను ఇప్పటికీ మోగుతున్నది. మిగతా డబ్బు చాలావరకు రైతు సంఘాలకు ఇచ్చారు. గాయకులు ఊరికే కూర్చోలేదు, రైతుల్ని వెంటబెట్టుకుని పార్లమెంటు ముందుకు పోయి సాక్ష్యం చెప్పించారు. 1987లో వ్యవసాయ రుణ చట్టం వచ్చింది. భూమి వేలం వేయడం కన్నా అప్పు సర్దితేనే రుణసంస్థకు తక్కువ నష్టం అయితే, సర్దక తప్పదన్నది అందులో ముఖ్యమైన సంగతి. మేం పోయిన మిన్నెసోటాలో ఇంకో చట్టం, 1986 నాటిది, ఇంకా నడుస్తున్నది. పెద్ద అప్పుల్లో భూమి జప్తుకు పోయే ముందు, మధ్యవర్తి దగ్గర కూర్చుని మాట్లాడుకునే అవకాశం రైతుకు ఇవ్వాలి. మన దగ్గర ఫైనాన్సు వాడు ట్రాక్టరు ఎత్తుకుపోయాక గదా మనకు కబురు తెలిసేది.

ఇంకో ముచ్చట. మేం చూసిన సభ ఆగిపోయేదే. రెండు వారాల ముందు అదే యూనివర్సిటీలో ఊడ్చేవాళ్లు, వండేవాళ్లు, మరమ్మతులు చేసేవాళ్లు జీతాల కోసం సమ్మెకు దిగారు. సమ్మె నడుస్తుంటే ఆ గేటు దాటి లోపలికి రామని వేదిక కట్టే కార్మికులు చెప్పారు. ఫామ్ ఎయిడ్ వాళ్లు కూడా అదే మాట అన్నారు, ఒప్పందం కాకుంటే సభ ఉండదన్నారు. అమ్ముడుపోయిన టికెట్లున్నాయి, నలభయ్యో ఏటి పండుగ. అయినా అన్నారు. సభకు వారం ముందు ఒప్పందం కుదిరింది. రేపు మన సభకు మైకు సెట్టు వాళ్లను, టెంటు వాళ్లను, హమాలీలను "మంచి పని గదా, ఫ్రీగా చేయండి" అని అడిగే అలవాటు మనలో ఉంది. అది మానుకోవాలి. వాళ్ల కూలి వాళ్లకు ఇచ్చాకే మిగిలింది విరాళం.

స్టేడియంలో ఒక పక్కన రైతుల గుడారాలు పెట్టారు. విత్తనాలు, మట్టి గురించి పిల్లలకు చూపిస్తున్నారు. తిండి కూడా చిన్న రైతుల దగ్గర కొన్నదే. అక్కడ ఒక సోయాబీన్ రైతు మాతో ముచ్చటపెట్టాడు. కొడుకు మధ్యలో అటూ ఇటూ చెప్తున్నాడు. కోత దగ్గరికొచ్చింది, చైనా కొత్త పంట కొంటలేదు, గిడ్డంగిలో పోసి ఎన్నాళ్లుంచాలన్నాడు. మేం పత్తి గురించి చెప్పాం. ఆగస్టులో మా ప్రభుత్వం దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది, డిసెంబరు 31 దాకా పొడిగించింది, మీ దేశం పత్తి వచ్చి మా ధర పడుతుందన్నాం. మద్దతు ధర 8,110 రూపాయలని కాగితం మీద ఉంటది, తేమ ఉందని మిల్లు దగ్గర కోస్తారన్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా పత్తి రైతులకూ గిట్టుబాటు లేదు, మరి ఆ డబ్బంతా ఎవరికి పోతున్నదన్నాడు. మేం అదే అడుగుతున్నామన్నాం. ఆయన నవ్వాడు. నవ్వు మనలాగే ఉంది, లోపల ఏడుపు పెట్టుకుని నవ్వినట్టు.

ఇది మనకు కొత్తేం కాదు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీ రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగారు. బెంగాల్ కరువు నాడు ప్రజా కళాకారులు ఆడి, పాడి చందాలు తెచ్చారు. జోలె పట్టడం మనకు వచ్చు. జోలెలో పడ్డదాంతో ఏం చేయాలన్నదే తేలాలి. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ చేశారు. ముందుగా ధర్మసంస్థ పేరున కాగితాలు చేసుకోలేదు. రికార్డుల మీద వచ్చిన సొమ్ము పన్నుశాఖ లెక్కల్లో పడి ఏళ్ల తరబడి ఆగింది. కాబట్టి మన ఖాతా, రసీదు పుస్తకాలు, ఆడిటరు, ఇవి గాయకుల కన్నా ముందు తేలాలి.

మరి వచ్చిన డబ్బు? ఒక్కో కుటుంబానికి ఐదు వేల కవరు, శాలువా, ఫోటో అని కొందరు మిత్రులు అంటున్నారు. మేం ఒప్పుకోం. ఎందుకో చెప్తాం. మా పక్క ఊరి కౌలు రైతు చనిపోయినప్పుడు ఆ ఇంటివాళ్లు కేసు పెట్టకుండా, పోస్టుమార్టం లేకుండా దహనం చేశారు. పరువు పోతుందని భయపెట్టింది ఊరి పెద్దలే. నెల తర్వాత ఆ చెల్లె మన ఆఫీసుకు వచ్చింది. పట్టా పాస్‌బుక్ లేదు, రైతు బీమా రాదు. జీవో 194 కింద రావాల్సిన ఆరు లక్షలకు ఎఫ్ఐఆర్ కావాలి, పోస్టుమార్టం కాగితం కావాలి, కౌలుకు చేసినట్టు, అప్పు ఉన్నట్టు త్రిసభ్య కమిటీ ముందు రుజువు కావాలి. ఆమె దగ్గర వడ్డీ వ్యాపారి రాసిచ్చిన చిట్టీ ముక్క కూడా లేదు. మేం ఆమెతో ఆర్డీవో ఆఫీసుకు ఐదుసార్లు తిరిగాం. ఏం రాలేదు. ఆ రాత్రి ఎవరో ఒకరు ఫోన్లో రెండు మాటలు చెప్పి ఉంటే వచ్చేది. అంతకు నెల ముందు ఆ తమ్ముడికి ఫోన్ చేసుకోవడానికి ఒక నంబరు ఉంటే ఏమయ్యేదో, అది మేం ఆలోచించలేం.

అందుకని మా మాట ఇది. పాటల సభ పెడదాం. డప్పు ఉండనీ, ఒగ్గు కథ ఉండనీ, పిల్లలు అడుగుతున్న గిటారు బ్యాండు కూడా ఉండనీ. కాలు ఆడకుండా ఉండదు, మేం హామీ. వచ్చిన డబ్బుతో సంఘం ఆఫీసులో ఒక ఫోను, ఒక వకీలుకు నెల ఖర్చు, ఊళ్లకు పోయి రావడానికి పెట్రోలు. కవర్లు వద్దు.

ఫోన్ పెట్టడం తేలికే. మోగినప్పుడు ఎత్తే మనిషి కావాలి, అర్ధరాత్రయినా. యాసంగి నాట్లప్పుడు సోమవారం, గురువారం మేమిద్దరం కూర్చుంటాం. మిగతా ఐదు రోజులకు పేర్లు ఇప్పుడే ఇవ్వండి, కార్యదర్శి రాసుకుంటాడు.