ఊరిచెంత ఇంటిస్థలము

అమీర్‌పేట కూడలి నుండి పంజాగుట్ట వైపు నడచువారికి ఇంటిస్థలముల కరపత్రము చేతికందుట వింతకాదు. షాద్‌నగర్ చెంత, చేవెళ్ల చెంత, సదాశివపేట చెంత, భువనగిరి చెంత స్థలములు కలవనియు, నేడే కొనవలెననియు అందుండును. ఇరువది సంవత్సరములు అద్దె యింట గడపిన గృహస్థునకు ఆ రంగుల పటము చూడగానే ఆశ కలుగుట సహజము. ఆ ఆశను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. అది కాగితముపైననే మిగిలిపోకుండుటకు ఏమి చేయవలెనో చెప్పుటయే నేటి ప్రసంగము.

నా మిత్రుడొకడు ఉద్యోగ విరమణ ధనముతో రెండువందల గజములు కొనెను. వేసవిలో ఒక ఆదివారమునాడు అమ్మకపుదారులే కారులో తీసికొనిపోయి చూపిరి. సున్నము పూసిన హద్దురాళ్లు, ఎర్రమట్టి బాటలు కన్నులపండువుగా నుండెను. రిజిస్ట్రేషను జరిగినది. శ్రావణమాసమున భార్యను వెంటబెట్టుకొని వెళ్లగా, ఆ రాళ్లు మోకాటిలోతు నీటిలో నుండెను. గట్టుమీది రైతు, “గిది చెరువు శిఖం సారూ! మా ఊల్లె పసిపోరగాన్ని అడిగినా చెప్తడు. మమ్ముల ఎవరడిగిన్రు?” అనెను.

మిత్రుని దస్తావేజు దొంగది కాదు. మరి లోపమెచ్చట? 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము క్రింద నమోదగునది దస్తావేజే గాని, హక్కు కాదు. అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి రాదు. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టును అంతియే. అది నమోదైన లావాదేవీలను చూపును; నమోదు కాని ఒప్పందములను, చెరువు హద్దులను చూపదు.

కావున సర్వే నంబరు పట్టుకొని వెనుకకు పోవలెను. తెలంగాణములో 1954-55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్యమైన ఆధారము. ఆ భూమి అప్పుడు ఎవరి పేర నుండెనో, పట్టాయో, సర్కారీయో అందు చూడవచ్చును. భూమిలేని పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూమి యైనచో, దాని అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది.

సాగుభూమి ఇంటిస్థలమగుటకు 2006 నాటి చట్టము క్రింద మార్పిడి యుత్తరువు కావలెను. ఆపైన లేఅవుటుకు, ప్రాంతమునుబట్టి, హెచ్.ఎం.డి.ఏ. యొక్కయో డి.టి.సి.పి. యొక్కయో ఆమోదముండవలెను. పంచాయతీ ముద్ర యొక్కటే చాలదు. ఇచ్చట చిన్న లెక్క యొకటి ఉపకరించును. ఎకరమునకు నలుబది గుంటలు, గుంటకు 121 గజములు. వెరసి 4,840 గజములు. ఎకరములో రెండువందల గజముల ప్లాట్లు ఇరువదినాలుగు ఉన్నవని చెప్పినచో, 4,800 గజములు అందులకే సరిపోయినవి. ఇక బాటలెక్కడ? పిల్లలాడుకొను ఖాళీస్థలమెక్కడ?

2016 నాటి రెరా చట్టము కొనువారికి అండ. ఐదువందల చదరపు మీటర్లకు మించిన లేఅవుటును నమోదు చేయింపక అమ్మరాదు, ప్రకటింపను గూడదు. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందము లేక, ధరలో పదవవంతునకు మించి బయానా పుచ్చుకొనరాదు. కరపత్రముపై రెరా సంఖ్య ఉన్నదేమో చూచి, అది నిజమైనదో కాదో అధికారుల దస్త్రముతో సరిపోల్చుకొనవలెను.

“అమీర్‌పేట కూడ ఒకప్పుడు ఊరి బయటి పల్లెయే గదా!” యని అమ్మువారందురు. అది నిజమే. స్థలముల ధర పెరుగుటయు నిజమే. కాని హక్కు సరిగాలేని స్థలమునకు ధర పెరిగినకొలది హక్కుదారులమని వచ్చువారును పెరుగుదురు. చౌకగా నున్ననాడు నిదురించిన తగవు, ప్రియమైననాడు మేల్కొనును.

అందుచేత బయానా ఇచ్చుటకు ముందు రెండుసార్లు ఆ స్థలమునకు పోవలెను. ఒకసారి వారి వాహనములో పోయినను, రెండవసారి బస్సులో పోవుడు. అదియు వానలు కురిసిన పిమ్మట. పొరుగు పొలము రైతుతో కూర్చుండి మాటాడుడు. సర్వే నంబరు వ్రాసికొని, కాగితములన్నియు ఊరక తల యూపని న్యాయవాదికి చూపుడు. ఇందులకు కొన్ని దినములు పట్టును, కొంత సొమ్ము వ్యయమగును. రేపటికి ధర పెరుగునని తొందరపెట్టువారు తొందరపెట్టనిండు. నా మిత్రుని దస్తావేజు బీరువాలో భద్రముగా నున్నది. ఆయన మాత్రము నేటికిని అద్దె యింటనే యున్నాడు.